రెండు గంటల రీడింగు

"దీపాలు ఎర్రబడ్డయి బిడ్డా. ముందుగాల దీపాలు ఎర్రబడ్డయి, గప్పుడే నేను స్విచ్ గుంజిన."

మా నాయిన ఈ మాట తొమ్మిదేళ్ళు చెప్పాడు. అన్నం తింటూ చెప్పాడు, ఆదివారం చర్చి నుంచి నడిచొస్తూ చెప్పాడు, ఇంటికి చుట్టాలొస్తే టీ గ్లాసు చేత పట్టుకుని చెప్పాడు. అమ్మకు విసుగొచ్చేది. "ఎన్నిసార్లు చెప్తవయ్యా, చెవులు తూట్లు పడ్డయి" అనేది. నేను మాత్రం ప్రతిసారీ విన్నాను. విని ఊరుకున్నానా? పెద్ద మొనగత్తెలా "నేను తేలుస్త నాయినా, నన్ను సదువు కానియ్" అని మాట కూడా ఇచ్చాను. తేల్చాను. ఎలా తేల్చానో తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మేడ్చల్‌లో మాది రెండు గదుల ఇల్లు. గుండ్లపోచంపల్లి వైపు వెళ్ళే దారిలో ఒక ఇనుప కడ్డీల ఫ్యాక్టరీ ఉండేది, నాయిన అందులో పని చేసేవాడు. తొంభైలలో బయటి కరెంటును నమ్ముకుంటే ఏ ఫ్యాక్టరీ నడిచేది కాదు కాబట్టి వాళ్ళు సొంతంగా ఒక చిన్న ప్లాంటు పెట్టుకున్నారు. బొగ్గు బాయిలరు, ఆవిరితో తిరిగే టర్బైను, దాని పక్కన కిటికీలు లేని కంట్రోల్ రూము. ఆ గదిలో నాయిన ఆపరేటరు. ఆయన కింద హెల్పరుగా ఉన్నాయన మా గల్లీ మనిషే, మా చర్చి మనిషే. నాయినను అన్నా అనేవాడు, నేను ఆయన్ని చిన్నాయినా అనేదాన్ని.

ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని నేనే వెళ్ళేదాన్ని. గేటు దగ్గర నన్ను ఎవరూ ఆపేవాళ్ళు కాదు. నాయిన డబ్బా మూత తీయకముందే చిన్నాయిన బల్ల మీది పెద్ద కాగితం ముందుకు లాక్కునేవాడు. గంట గంటకూ మీటర్లు చూసి అంకెలు నింపే కాగితం అది, లాగ్‌షీటు అంటారు. గబగబా రెండు వరుసలు రాసేసి "ఇగ రెండింటి దాంక ఫికర్ లేదన్నా, తిందాం" అనేవాడు. ముగ్గురం కూర్చుని తినేవాళ్ళం. చిన్నాయినకు మా అమ్మ చేసే పచ్చిపులుసంటే ప్రాణం. ఇదంతా నేను కళ్ళారా చూశాను. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం పెట్టుకోలేదు.

నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, రెండూ ఇరవైకి బయటి కరెంటు పోయింది. అలా పోయినప్పుడు ప్లాంటు బయటి లైను నుంచి తెగిపోయి, ఫ్యాక్టరీ బరువంతా, అంటే మిషన్లు లాగే కరెంటంతా, తానొక్కటే మోయాలి. మోయగలిగితే నిలబడుతుంది, లేకపోతే కూలిపోతుంది. నాయిన లెక్క ప్రకారం జరిగింది ఇదీ. టర్బైను చప్పుడు దిగింది. గదిలో దీపాలు మసకబారి ఎర్రబడ్డాయి. ఆయన వెంటనే కడ్డీలు సాగదీసే మిల్లు స్విచ్ లాగి బరువు దించాడు. "ఉరుకు, బాయిలర్ మీద ఉన్నోళ్ళను దింపు" అని చిన్నాయినను తరిమాడు. దీపాలు మళ్ళీ తెల్లగా వెలిగాయి. కొంతసేపు నిలిచి, ఒక్కసారిగా అన్నీ ఆగిపోయాయి. ఆవిరి వాల్వు దబ్బున మూసుకున్న అదురుకు పాత పైపు జాయింటు ఒకటి ఊడింది. బాయిలరు మీద నుంచి ముగ్గురిని దించి తాను చివర దిగుతున్న చిన్నాయిన మీద ఆవిరి కొట్టింది. కుడి చెయ్యి, మెడ ఉడికిపోయాయి.

ఆసుపత్రిలో ఆయన్ని చూసి వచ్చిన రోజు నాయిన అన్నం ముట్టలేదు.

వారం తర్వాత ఎంక్వయిరీ పెట్టారు. వాళ్ళ ముందున్నది లాగ్‌షీటు. అందులో రెండు గంటల రీడింగు చూస్తే బయటి నుంచి దాదాపు కరెంటే తీసుకోవడం లేదు. అంటే ఫ్యాక్టరీ బరువు టర్బైను మోయగలిగినంతే ఉంది. బయటి కరెంటు పోతే పోనీ, దాని మానాన దాన్ని వదిలేస్తే నిలబడేది. ఈయన కంగారుపడి మిల్లు లాగేశాడు, బరువు తగ్గేసరికి టర్బైను వేగం హద్దు దాటి ఆగిపోయింది, మనిషి కాలాడు. అదీ వాళ్ళు తేల్చింది. కాగితం కింద సంతకం కూడా నాయినదే. ఉద్యోగం పీకలేదు కానీ, కంట్రోల్ రూము నుంచి తీసేసి గేటు పక్కన లారీలు తూచే కాటా దగ్గర కూర్చోబెట్టారు. ఏళ్ళ తరబడి టర్బైను చప్పుడు విన్న మనిషిని తుక్కు లారీల హారన్లు వినమన్నారు.

మనిషిని కాల్చాడన్న మాట ఆయన్ని తినేసింది. చిన్నాయిన మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి చూసి నాయిన కళ్ళు తిప్పుకునేవాడు. నేను ఇంజనీరింగులో ఎలక్ట్రికల్ తీసుకుంటానన్నప్పుడు మాత్రం ఆయన ముఖం వెలిగింది.

"ఏందే, ఆడపిల్ల కరెంటు సదువేంది?" అంది అమ్మ.

"సదవనియ్యి. గా దినం నాది తప్పా ఒప్పా, నా బిడ్డనే చెప్తది" అన్నాడు నాయిన.

గండిమైసమ్మ దాటాక కొత్తగా లేచిన కాలేజీలో చదివాను. రెండు బస్సులు మారి, కంకర గుట్టల మధ్య దిగి, దుమ్ము కొట్టుకుంటూ నడిచి. చదువైన రెండేళ్ళకు సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక చిన్న ఆఫీసులో పని దొరికింది. కింద మిఠాయి దుకాణం, పైన మేము ఆరుగురం. ఫ్యాక్టరీల సొంత ప్లాంట్లను కంప్యూటరులో మోడలుగా కట్టి చూడటం మా పని. టర్బైను ఎంత బరువు, ఎంత వేగంగా స్పందిస్తుంది, ఏ మోటారు ఎంత లాగుతుంది, అన్నీ అంకెలుగా పోస్తాం. తర్వాత కావాలని బయటి కరెంటు తీసేస్తాం, ఎక్కడో షార్టు పెడతాం, ప్లాంటు నిలుస్తుందా పడిపోతుందా అని తెర మీద గీతలు చూస్తాం. అసలు ప్లాంటుతో అలా ఆడుకుంటే కొంప కూలుతుంది. కంప్యూటరులో ఎన్నిసార్లు కూల్చినా ఎవరి చెయ్యీ కాలదు. నాకు ఆ పనంటే పిచ్చి. ఉన్న మాట చెప్పాలంటే, కొంచెం తలకెక్కింది కూడా.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నాయిన ఫ్యాక్టరీ ఫైలే మా ఆఫీసుకు వచ్చింది. ఇంకో టర్బైను పెట్టాలనుకుంటున్నారు, ముందు స్టడీ చేసి ఇవ్వండని అడిగారు. మోడలు సరిపోయిందో లేదో చూడాలంటే గతంలో నిజంగా జరిగిన ఒక సంఘటనతో పోల్చి చూడాలి. మా సారు ఫైలు తిరగేసి "ఇదిగో, పాత ఎంక్వయిరీ ఉంది, లాగ్‌షీటు కూడా ఉంది, ఇది చేసెయ్" అని నా బల్ల మీద పడేశారు. కింద నాయిన సంతకం. దేవుడే పంపాడనుకున్నాను.

పది రోజులు తిండి ధ్యాస లేకుండా చేశాను. లాగ్‌షీటులోని రెండు గంటల రీడింగు ఉన్నదున్నట్టు పోశాను. బయటి కరెంటు తీశాను. టర్బైను చిన్నగా ఊగి నిలబడింది. ఈసారి నాయిన చేసినట్టే మిల్లు లాగేశాను. వేగం జివ్వున లేచింది, మూడు సెకన్లలో ప్లాంటు పడిపోయింది. వోల్టేజి గీత కిందికి దిగనే లేదు, పైకి ఎక్కింది. అంటే దీపాలు ఎర్రబడవు, ఇంకా తెల్లగా వెలగాలి.

మళ్ళీ చేశాను. అటూ ఇటూ మార్చి చేశాను. అదే జవాబు.

నాయినకు చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడనిపిస్తోంది. కానీ నేను నిజాయితీపరురాలిని గదా, నోట్లో మాట దాగదు గదా! ఒక ఆదివారం చర్చి అయ్యాక "పా నాయినా, షామీర్‌పేట పోదాం" అని నా కొత్త స్కూటీ మీద ఎక్కించుకున్నాను. చెరువు కట్ట మీద కూర్చున్నాం. ఆయనే రెండు మొక్కజొన్న కంకులు కొని, నిమ్మకాయ ఎక్కువ రాయించి తెచ్చాడు. నేను బ్యాగులోంచి ప్రింటు తీసి ఆయన ఒళ్ళో పరిచాను.

"నాయినా, మన ప్లాంటు లెక్క చేసిన."

ఆయన కంకి కొరకడం ఆపేశాడు. చొక్కాకు చెయ్యి తుడుచుకుని కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "ఏమొచ్చింది బిడ్డా?"

గీతలు చూపించి చెప్పాను. లాగకుంటే నిలబడేదని చెప్పాను. లాగినందుకే పడిందని చెప్పాను. మెత్తగానే చెప్పాననుకున్నాను.

"మరి దీపాలు ఎర్రబడ్డయి గద బిడ్డా."

"ఎర్రబడవు నాయినా. గీడ జూడు, వోల్టేజి పెరిగింది. భయంల మనిషికి గట్ల అనిపిస్తది."

"మస్తుసేపు నిలవడ్డది. వాడు బాయిలర్ దాంక ఉరికిండు, ముగ్గురిని దింపిండు."

"మూడే సెకండ్లు నాయినా. పరేషాన్ల ఉంటే మూడు సెకండ్లు కూడా గంట లెక్కనే అనిపిస్తయి."

ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"లాగ్‌షీటుల ఉన్నయే ఏసినవా?"

"మరింకేం ఎయ్యాలె? నువ్వు సంతకం పెట్టిన కాయిదమే. కాయిదం అబద్ధం ఆడుతదా?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఏదో అనబోయినట్టు పెదవి కదిలింది. అనలేదు. కాగితం జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు.

"ఆడదు తియ్యి. తిను బిడ్డా, కంకి సల్లగైతాంది" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటీ మీద నా భుజం పట్టుకోలేదు, వెనకున్న కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. గతుకుల దారి, పట్టుకో నాయినా అన్నాను. పర్లేదన్నాడు.

ఆ రోజు నుంచి దీపాల మాట ఆయన నోట మళ్ళీ రాలేదు. ఇంట్లో అదొక ఊరట అనుకున్నాం, చూడండి మా తెలివి! అమ్మ అయితే "దేవుడు దయ చూసిండు, గా రంధి పోయింది" అని సంతోషపడింది. ఆయన నామీద అలగలేదు, మాట తగ్గించలేదు. పొద్దున్నే నా స్కూటీ తుడిచేవాడు. కాటా దగ్గరికొచ్చే లారీ డ్రైవర్లకు కూడా నా సంగతే చెప్పేవాడట, మా బిడ్డ లెక్క తప్పదని. నేను రిపోర్టు రాసిచ్చాను. అందులో ఒక పేరా, ఆనాటి షట్‌డౌనుకు ఆపరేటరు పొరపాటే కారణమని మా స్టడీ కూడా ధ్రువపరుస్తోందని. నా చేత్తో రాశాను.

రెండేళ్ళ తర్వాత ఒక పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ నాయిన గోడకు ఒరిగిపోయాడు. గుండె. ఆసుపత్రి దాకా కూడా నిలవలేదు.

సమాధి అయిన తర్వాత ఇంట్లో ఆదరణ కూడిక పెట్టాం. వాకిట్లో షామియానా, అద్దె కుర్చీలు. పాట అయ్యింది, ప్రార్థన అయ్యింది. పాస్టరయ్య, పోయిన మనిషి గురించి సాక్ష్యం చెప్పాలనుకున్నవాళ్ళు చెప్పొచ్చన్నారు. ఒకరిద్దరు లేచి మంచి మాటలు చెప్పారు. వెనక వరుసలోంచి చిన్నాయిన లేచాడు. కాలిన చెయ్యి తువ్వాలలో చుట్టుకుని ముందుకొచ్చాడు. ఫ్యాక్టరీ అప్పటికి అమ్ముడుపోయింది, ఆయన పనీ పోయింది.

"ప్రభువు నామంల అందరికి వందనాలు. నేను మంచి సాక్ష్యం చెప్తలేను, నా పాపం చెప్తాన" అన్నాడు. "గా దినం రెండు గంటల రీడింగు నేను పన్నెండున్నరకే రాసిన. అన్నం యాళ్లకు మిల్లు ఆపుతరు గద, అప్పటి అంకెనే రెండింటికి గూడ ఏసిన. రోజూ గట్లనే ఏసేటోళ్ళం. కాయిదం సార్ల కోసం, మిషన్ ఎట్లున్నదో మేం చెవులతోటి జూసేటోళ్ళం. తిన్నంక మిల్లు మొత్తం షురూ అయింది. లోడు మస్తున్నది. అన్న గుంజకపోతే నేను బాయిలర్ దాంక గూడ పోకపోదును, గా ముగ్గురు మీదనే ఉందురు."

చిన్నాయిన పాస్టరయ్య వైపు ఒకసారి చూసి మళ్ళీ అందుకున్నాడు.

"దొంగ రీడింగు అని తెలిస్తే కంపెనీ నా దవాఖాన ఖర్చు ఇయ్యకపోతుండె, పనిల నుంచి తీసేద్దురు. అన్న ఆసుపత్రికొచ్చి, నువ్వు నోరిప్పకు, నీ పిల్లలు ఆగమైతరు అన్నడు. సంతకం నాది, నేనే పడ్త అన్నడు."

నేను లేచి నిలబడ్డాను. పదిమందిలో ఉన్నానన్న సోయి లేదు. "నాకు చెప్పొద్దా చిన్నాయినా? రెండేండ్ల కింద నేను లెక్క చేసినప్పుడన్న నాకు చెప్పొద్దా?" అని అరిచాను. పాస్టరమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది, విదిలించుకున్నాను.

చిన్నాయిన ఏడుస్తూ అన్నాడు. "నేను అడిగిన బిడ్డా. నీ బిడ్డకన్న చెప్పన్నా అన్న. చెప్తే రిపోర్టుల రాస్తది, మా బిడ్డ అబద్ధం రాయదు, నీ కొలువు పోతది అన్నడు."

షామీర్‌పేట కట్ట మీద ఆయన పెదవి ఎందుకు కదిలి ఆగిందో అప్పుడర్థమైంది.

ఇక చిన్నాయిన మీద ఎన్ని రోజులు మండిపడ్డానో చెప్పలేను. మండిపడటం తేలిక. తర్వాత మెల్లగా ఆ అన్నం డబ్బా గుర్తొచ్చింది. పచ్చిపులుసు, మూత తీయకముందు రాసిన రెండు వరుసలు, "ఇగ రెండింటి దాంక ఫికర్ లేదన్నా." నేను చూశాను. నా కళ్ళముందే రాసేవాడు. ఎవరూ చెప్పక్కర్లేదు, నాకు తెలిసుండాలి. మోడలును జరిగినదానితో పోల్చి చూడాలని నలుగురికి పాఠం చెప్పేదాన్ని. జరిగింది చూసిన మనిషి నా పక్కన కూర్చుని కంకి తింటూ, దీపాలు ఎర్రబడ్డాయి, మస్తుసేపు నిలబడింది అని రెండు గుర్తులు చెప్పాడు. రెండూ నా గీతలకు సరిపోలేదు. సరిపోకపోతే గీతలను అనుమానించాలి. నేను మా నాయినను అనుమానించాను.

ఒక శనివారం మధ్యాహ్నం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు ఆ పాత ఫైలు తెరిచాను. లాగ్‌షీటు పక్కన పడేసి, మిల్లు నిండుగా నడుస్తున్నట్టు అంకెలు వేశాను. బయటి కరెంటు తీశాను, చెయ్యి పెట్టకుండా వదిలేశాను. నాలుగు సెకన్లలో ప్లాంటు చచ్చిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి నాయిన లాగినట్టు మిల్లు లాగాను.

వోల్టేజి గీత కిందికి దిగింది. బాగా దిగింది. ఆ లోతుకు దీపాలు ఎర్రబడతాయి. మిల్లు తెగగానే గీత లేచి నిలబడింది. కానీ ఆ మొదటి కుదుపుకే బాయిలరు గాలి ఫ్యాన్లు ఆగిపోయి ఉంటాయి కాబట్టి దాన్ని కూడా కలిపాను. ఆవిరి తగ్గుతూ, తగ్గుతూ వచ్చి, దాదాపు నిమిషానికి టర్బైను ఆగింది. ఆ నిమిషం నాయినది. ఆ నిమిషంలోనే ముగ్గురు కిందికి దిగారు, నాలుగో మనిషికి ప్రాణం పోకుండా చెయ్యితో పోయింది.

తెర ముందు బల్ల మీద తల పెట్టుకుని ఎంత ఏడ్చానంటే, కింది దుకాణం ఆయన పైకొచ్చి ఏమైందమ్మా అని అడిగాడు. లెక్క సరిపోయిందన్నాను. పాపం, ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

ప్రింటు తీసుకుని ఇంటికెళ్ళాను. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. చదువు రాని మనిషికి ఆ గీతలేం అర్థమవుతాయి? అయినా పక్కన కూర్చుని వేలు పెట్టి చూపించాను. "గీడ దీపాలు ఎర్రబడ్డయమ్మా. గీడ నాయిన స్విచ్ గుంజిండు. గీడి నుంచి గీడి దాంక నాయిన పట్టుకొని ఉన్నడు. ఆయన తప్పు లేదమ్మా. జరంత గూడ లేదు."

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం అందుకుంది. ఆ గీత మీద వేలు పెట్టి మెల్లగా చివరిదాకా జరిపింది.

"తన తప్పు లేదని ఆయనకు ఎరుకే గద బిడ్డా" అంది. "ఉన్నదని నువ్వన్నవు. గదే ఆయనకు రంధి."